వరద పెట్టెలో రూపాయలు

పోయిన శుక్రవారం సంత సందడిలో, విజయనగరం నుంచి వచ్చిన ఒక లెక్చరరు గారు మా దుకాణం మెట్లెక్కి, చేతిసంచీలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బీ తీసి బల్ల మీద పెట్టారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, అతుకు కనపడకుండా మూసేసినది. లోపల ఒక వెండి నాణెం, దాని పైన అచ్చు వేసిన చీటీ. ఏదో సముద్రంలో ఏదో ఓడ మునిగిందనీ, చాలా ఏళ్ల తర్వాత ఆ ఓడ కడుపులోంచి ఈ నాణేన్ని పైకి తీశారనీ ఆ చీటీ సారాంశం. మునగని నాణేనికి పెట్టే ధరకు ఆరింతలు పెట్టి ఆవిడ దాన్ని ఆన్‌లైన్లో కొన్నారట. "ఇది అంత విలువ చేస్తుందాండీ?" అని అడిగారు. అలవాటు కొద్దీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టాను. టక్కుమని ప్లాస్టిక్ చప్పుడు వచ్చింది. వెండి గొంతు వినపడలేదు. ఆవిడకు చెప్పవలసినది చెప్పి పంపించాను గాని, ఆ మొద్దు చప్పుడు మాత్రం సాయంత్రం దాకా చెవిలో ఉండిపోయింది. దాని వెనకే గౌరునాయుడు గారు గుర్తుకొచ్చారు. ఆయన ఉంటే ఆ డబ్బీని ముట్టుకునేవారు కారు. వినపడని దానికి ధర కట్టడం ఆయనకు తెలియదు.

గౌరునాయుడు గారిది శృంగవరపుకోట వైపు పల్లె. కుర్రతనంలో ఇత్తడి సామాను నెత్తిన పెట్టుకుని ఘాట్ రోడ్డెక్కి అరకు వచ్చారు. బిందెలకు బదులుగా కొండ మీది ఆడవాళ్లు ఇచ్చే పాత వెండి రూపాయలు చూసీ చూసీ, చివరకు బిందెలు వదిలేసి రూపాయల దగ్గర కూర్చున్నారు. నేను ఎరిగేనాటికి ఆయనకు అరవై దాటాయి. చేతుల బనీను, మెడలో నల్లతాడుకు వేలాడే భూతద్దం, ముందొక నల్లరాతి పలక. ఎడమ చెవి వినపడదు. కుడి చెవి మాత్రం వెండి కోసమే పుట్టినట్టుండేది. రాతి మీద రూపాయి వదిలితే అది ఆగేలోపు కల్తీ సంగతి చెప్పేవారు. శుక్రవారాల్లో కొండ ఆడవాళ్లు రూపాయల దండలు తెచ్చేవారు. రూపాయి అంచున చిన్న వెండి కొక్కెం అతికించి, ఆ కొక్కేల గుండా తాడు పోనిచ్చి మెడలో వేసుకునే దండలు అవి. తెగిన తాళ్లు మార్చడం, ఊడిన కొక్కేలు అతికించడం ఆయన పని. పాత నాణేలు సేకరించేవాళ్లకు నాణేలు అమ్మడం వ్యాపారం. ఈ రెండింటినీ ఆయన ఎప్పుడూ కలపలేదు. దండలో ఉన్న రూపాయిని ఎంత అరుదైనదైనా అమ్ముతావా అని అడిగేవారు కారు.

ఆయన దగ్గరకు నేను పనికోసం వెళ్లలేదు. ఆ మాట ముందే చెప్పాలి. మాది ముఠాదార్ల ఇల్లు. కొన్ని కొండ ఊళ్లను కలిపి ముఠా అనేవారు. ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసి పై వారికి కట్టి, మిగిలినదాంతో దొరల్లా బతికినవాళ్లు ముఠాదార్లు. హుకుంపేట అవతల పదకొండు ఊళ్లు మా ముత్తాత చెప్పుచేతల్లో ఉండేవి. ముఠాలు రద్దయ్యాక భూమి పోయింది, మనుషులు పోయారు, మా నాన్నగారి కాలానికి ఇల్లు కూడా రెండు గదులకు వచ్చింది. ఆ రెండు గదుల్లోనూ ఆయన కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చునేవారు. నాకు వారసత్వంగా వచ్చినవి రెండు: ఆ కూర్చునే తీరు, వరద పెట్టె.

వరద పెట్టె కథ మా ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ మాటలతో పాటే నేర్పేవారు. మా తాతగారు పుట్టిన ఏడాది ఊరి పక్క కొండవాగు, మేము గెడ్డ అంటాం, పొంగి ముఠాదారు ఇంటిని సగం కోసుకుపోయింది. ఆ ఇంట్లో ముప్పైరెండు వెండి రూపాయలున్న టేకు పెట్టె ఒకటి కొట్టుకుపోయింది. మూడో రోజున దిగువ ఊరి వాళ్లకు ఇసుకలో అది దొరికింది. వాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చి మా ముత్తాత గారి ముందు దించారు. లెక్క చూస్తే ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ నిజాయితీకి మెచ్చి ఆయన ఊరంతటికీ భోజనాలు పెట్టారు. అప్పటినుంచి ఆ రూపాయలను ఖర్చు పెట్టలేదు, కడగలేదు. వరద మట్టి పట్టి ఉన్నవాటిని ఉన్నట్టే దసరాకు బయటకు తీసి, బొట్టు పెట్టి, మళ్లీ మూసేవాళ్లం. మట్టి గోకితే ఇంటికి అరిష్టమని మా నాయనమ్మ అనేది.

నాన్నగారు పోయాక నేను ఆ పెట్టె పట్టుకుని గౌరునాయుడు గారి దుకాణానికి వెళ్లాను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఒక లాడ్జిలో గుమాస్తా ఉద్యోగం ఇస్తామన్నారు. గదుల తాళాలు అందించి, వచ్చినవాళ్లకు లేచి నిలబడే ఉద్యోగం. నేను ఒప్పుకోలేదు. అలాంటి లాడ్జి ఒకటి నేనే పెట్టాలి, బోర్డు మీద మా ఇంటిపేరు ఉండాలి అనుకున్నాను. దానికి కావలసిన పెట్టుబడి ఆ పెట్టెలో ఉందని నా నమ్మకం. ప్రమాదాల్లోంచి, వరదల్లోంచి, మునిగిన ఓడల్లోంచి బయటపడ్డ నాణేలకు సేకరించేవాళ్లు ఎన్నో రెట్లు ఇస్తారని ఒక పత్రికలో చదివాను. నిలబడే చెప్పాను కథంతా. ఆయన కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

ఆయన పెట్టె తెరిచి, ఒక రూపాయి తీసి, చింతపండు నానేసిన గిన్నె వైపు చెయ్యి చాపారు. కడగొద్దని గట్టిగా చెప్పాను. మట్టి పోతే ధర పోతుందన్నాను.

"మట్టికి ధరుంటే అరకులో అందరూ జమీందార్లే బాబూ," అన్నారు. అని, నా మాట మన్నించి, చింతపండు గిన్నె పక్కకు నెట్టి, తడిగుడ్డతో ఏడాది అంకె ఉన్నచోట మాత్రం తుడిచారు. అలా ముప్పైరెండింటినీ తుడిచి, రాతి మీద మోగించి, భూతద్దంలో చూసి రెండు కుప్పలు పెట్టారు. రాణి బొమ్మవీ బోడితల రాజువీ ఒక వైపు, కిరీటం పెట్టుకున్న రాజువి ఇంకో వైపు.

"మీ వరద ఎప్పుడొచ్చిందన్నారు?"

"మా తాతగారు పుట్టిన ఏడు." ఏడాది చెప్పాను.

"అయితే ఈ పదిహేడూ అప్పటికి ఉన్నాయి. ఈ పదిహేనూ అప్పటికింకా పుట్టనేదు." ఆయన గొంతులో వెటకారం లేదు. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పారు. "ముందు వరదలో కొట్టుకుపోయి, తరవాత టంకశాలలో పుట్టుంటాయేటి?"

నేను పెట్టె మూసుకుని వచ్చేశాను. మా ఇంటి మాటను ఒక ఇత్తడి సామాన్ల వాడు కాదనడం భరించలేకపోయాను. వారం తిరిగాక మళ్లీ వెళ్లాను. నాయుడు గారి చీటీ లేనిదే విశాఖలో ఎవరూ కొనరని ఈలోగా తెలిసింది. ఆయన అమ్మే ప్రతి నాణేనికీ చేత్తో రాసిన చీటీ ఉండేది. దాన్ని సేకరించేవాళ్లు నమ్మేవారు. ఆయన ఏమీ జరగనట్టు నన్ను చూసి, "మీ అచ్చరాలు గుండ్రంగా ఉంటాయని విన్నాను. నాకు చెయ్యి వొణుకుతంది. చీటీలు రాసి పెడతారా?" అన్నారు. గుమాస్తా అనలేదు. రాసి పెడతారా అన్నారు. అందుకే ఒప్పుకున్నాను. ఆ మాటను ఆయన ఎంచుకుని వాడారని చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఆయన చీటీకి ఒక పద్ధతి ఉండేది. మధ్యలో అడ్డగీత. గీతకు పైన నాణెం చెప్పినది: లోహం, బరువు, ఏడాది, అరుగుదల. గీతకు కింద మనుషులు చెప్పినది: ఫలానావారి ఇంట్లో దొరికింది, ఫలానా గోడలో బయటపడింది, అని చెప్పినవారి పేరుతో సహా. ధర పైసగానికే కట్టేవారు. కింది సగానికి కట్టమని ఎవరైనా అడిగితే, "అది కొనేవోడు కట్టుకోవాల," అనేవారు. మొదట్లో అది ఆయనకు చదువు లేక పెట్టుకున్న ఏర్పాటు అనుకున్నాను. తర్వాత్తర్వాత, కింది సగం పైసగంలోకి ఎక్కకుండా కాపలా కాయడమే ఆయన చేసే అసలు పని అని అర్థమైంది.

ఒకసారి విశాఖ నుంచి ఒక ఏజెంటు ఓడ మునకలో దొరికిన నాణేలంటూ ఒక పెట్టెడు తెచ్చాడు. ఒక్కొక్కటీ మఖమలు గుడ్డలో, ధ్రువపత్రంతో. దుకాణంలో పెట్టుకుంటే అమ్మినదాంట్లో వాటా ఇస్తానన్నాడు. నాయుడు గారు ఒకటి తీసి రాతి మీద వదిలారు. ఉప్పునీళ్లు తిన్న వెండి, పగిలిన కుండలా పలికింది.

"ఎన్ని దొరికాయి నాయనా ఓడలో?" అని అడిగారు.

"వేలల్లో ఉన్నాయి సార్. చాలా పెద్ద ఓడ."

"మరి వేలుంటే అరుదేటి? మునక ఒకటి, రూపాయలు వేలు. ఇయే నీళ్లలో పడకపోతే ఇంకా శుభ్రంగా ఉండును, ఇంకా ధర పలుకును. ఉప్పు తిన్నందుకు ధర పెంచడం ఏటి ధర్మం?"

ఏజెంటు నవ్వి, జనం కథను ప్రేమిస్తారు సార్ అన్నాడు. దానికి ఆయన చెప్పిన జవాబునే పోయిన శుక్రవారం లెక్చరరు గారికి నేను నా మాటల్లో చెప్పాను. కథ కొనుక్కోవడం తప్పు కాదు. సినిమా టిక్కెట్టు కొంటాం, తిరిగి అమ్ముదామని కొనం. నాణేనికి ఇంత, కథకు ఇంత అని తెలిసి ఇస్తే మోసం లేదు. కథకు ఇచ్చిన డబ్బు కూడా నాణెంలోనే దాగి ఉందనీ, రేపు అమ్మితే తిరిగి వస్తుందనీ అనుకుంటేనే చిక్కు. నిజంగా అరుదైన నాణెం గట్టు మీద దొరికినా అరుదే. అరుదు కానిదాన్ని సముద్రం అరుదు చెయ్యలేదు. ఆయన ఇంత వివరంగా అనలేదు. "కథ కొనుక్కో. వెండి కొన్నానని మాత్రం ఇంటికాడ సెప్పకు," అన్నారు. ఏజెంటు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

నేను చేరిన మూడు నెలలకు డాక్టరు గారు వచ్చారు. విశాఖలో పేరున్న వైద్యులు, వచ్చిన ప్రతిసారీ నన్ను "రాజా వారూ" అని పలకరించేవారు. ఆ పిలుపులో ఎంత హాస్యం ఉందో తెలిసినా నాకు బాగానే ఉండేది. ఆయన విపత్తుల నాణేలు తప్ప ఇంకేవీ కొనరు. అగ్నిప్రమాదంలో కరిగి అంటుకుపోయిన పైసల ముద్ద ఒకటి ఆయన దగ్గర ఉందట. నా పెట్టె సంగతి విని, చూసి, మట్టి మీద వేలు ఆనించి నిమిరారు. మామూలు ధరకు పది రెట్లు ఇస్తానన్నారు. షరతు ఒకటే. ముప్పైరెండూ వరదలోంచి వచ్చినవేనని నాయుడు గారు చీటీ ఇవ్వాలి.

"కింది సగంలో రాస్తాను, ముఠాదారు వారు అలా సెప్తారని," అన్నారు నాయుడు గారు.

"కింది సగం నాకెందుకండీ. నేను నమ్ముతున్నాను, మీరు సంతకం పెడితే చాలు."

"నమ్మకం మీది డాక్టరు గారూ. సంతకం నాది."

డాక్టరు గారు రెండు వారాల్లో వస్తానని వెళ్లారు. ఆ పూట నేను మొదటిసారి ఆ దుకాణంలో గొంతు పెంచాను. మా నాయనమ్మ అబద్ధాలకోరా అని అడిగాను. ఒక సంతకంతో నా బతుకు నిలబడుతుందని తెలిసి కూడా ఎందుకు పట్టు విడవడం లేదని అడిగాను. ఆయన చెవిటి చెవి నా వైపు ఉందేమో అనుకున్నాను, అంత నిమ్మళంగా ఉన్నారు. తర్వాత మెడలోని భూతద్దం తీసి నా ముందు పెట్టారు. మూడు నెలల్లో దాన్ని ఆయన మెడలోంచి తీయడం చూడలేదు.

"ఆ పదిహేనూ తియ్యండి. బొమ్మ సూడకండి, అంచు సూడండి," అన్నారు.

చూశాను. ప్రతి రూపాయికీ అంచున ఒకచోట, సరిగ్గా రాజు కిరీటానికి పైన, వెండి కాస్త చదునుగా ఉంది. ఆకురాయితో రాసిన సన్నని గీతలు. మట్టి నిండి ఉండడంతో పైకి తెలియదు. పన్నెండు శుక్రవారాలు ఆయన పక్కన కూర్చుని కొక్కేలు ఊడదీయడం, అతికించడం చూసినవాణ్ణి. అవేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆ రూపాయలు ఒకప్పుడు దండల్లో ఉన్నాయి. కొక్కేలు ఊడదీసి, ఆ మచ్చను నునుపు చేసి, మా పెట్టెలో వేశారు. అవతలి కుప్పలోని పదిహేడింటిలో ఒక్కదానికీ అలాంటి మచ్చ లేదు.

"మొదటిరోజే చూశారా?"

"సూసేను."

"చెప్పలేదేం?"

"మీరు కూకోనేదు గదా బాబూ. నిలబడ్డోడికి ఎంతని సెప్తాం?" భూతద్దం మళ్లీ మెడలో వేసుకుంటూ అన్నారు: "పెట్టి మోసుకొచ్చిన ఆ ఊరు మన దుకాణానికి ఒస్తాది. దిగువూరు సోమెలమ్మ వచ్చే శుక్రోరం దండ తెస్తానంది. అడగండి. ఆల్లు సెప్పింది ఏదయినా రాస్తాను, సంతకం పెడతాను."

ఆ వారమంతా నేను నిద్రపోలేదనో, అన్నం తినలేదనో రాస్తే అబద్ధం. మామూలుగానే ఉన్నాను. మా వాళ్లు అవసరానికి రూపాయలు ఖర్చు పెట్టి, సంతలో దండల రూపాయలు కొని లెక్క పూరించి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. అది పెద్ద తప్పు కాదు. దాన్ని కింది సగంలో రాయించుకోవచ్చు.

సోమెలమ్మ యాభై ఏళ్ల మనిషి. కాఫీ తోటల్లో పని, ఇంటి దగ్గర చోడి, అంటే రాగుల, చేను. శుక్రవారం మిట్టమధ్యాహ్నం వచ్చి, మెట్టు మీద కూర్చుని, తెగిన దండను పమిట చెంగులోంచి బల్ల మీద కుమ్మరించింది. నాయుడు గారు దాన్ని సర్దుతూ, నన్ను చూపించి, "ఈ బాబుని ఎరుగుదువా? పైన ముఠాదారోలి మనవడు," అన్నారు.

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. "ఎరక్కేం. నడక సూత్తే తెలీదేటి. కర్ర మింగినట్టు నడుత్తారు ఆలింట్లో."

వరద పెట్టె గురించి ఆమెకేమైనా తెలుసా అని నేనే అడిగాను. ఆమె పెద్దగా నవ్వింది. పొగాకు చుట్ట పక్కకు తీసి మరీ నవ్వింది.

"పెట్టి నిండిన కతే గదా? మా నానమ్మ సెప్పేది బాబూ. పెట్టి దొరికింది నిజిమే. మూత నేదు. ఇసక నిండా ఉంది. అందులో ఎన్ని దొరికితే అన్ని ఏరి, మోసుకెళ్లి ఇచ్చినారు. మీ ముత్తాత నెక్క సూసి, మిగతాయి ఏవిరా అన్నాడట. గెడ్డనడుగు బాబూ అన్నారట మావోలు. నవ్వినారనుకున్నాడో ఏటో, పెట్టి నిండేదాకా ఊరిని ఒదల్లేదు. పంట పండినేడూ ఒకటి, పండనేడూ ఒకటి, అన్నీ మెళ్లోయే. మా నానమ్మకి అప్పుడు పదేళ్లు. ఆలమ్మ మెళ్లోంచి మూడు ఎల్లినాయంట."

"ఎన్నేళ్లు పట్టింది?" అన్నాను.

"ఏవో. నానమ్మకి పిల్లలు పుట్టీసినారు అప్పటికి." చుట్ట వెలిగించుకుంది. "నిండినాక బోజనం ఎట్టినార్లే. ఏటపోతును కోసినారంట. దొంగలు కాదు, మంచోలని మెచ్చుకున్నారంట. మావోలు తిన్నారు. తినకేం సేత్తారు, ఆకలి గదా."

నాయుడు గారు తల ఎత్తలేదు. కొక్కెం అతికించే గొట్టంతో మంటను ఊదుతూనే ఉన్నారు. నేను లోపలి గదిలోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. అప్పటికి సోమెలమ్మ ఉప్పు, ఎండుచేపల ధరల గురించి మాట్లాడుతోంది. ఆమెకు అది పాత కథ. కోపం కూడా అరిగిపోయినంత పాతది.

డాక్టరు గారు చెప్పిన రోజుకు వచ్చారు. నేనే చెప్పాను, దాచకుండా. పదిహేడు వరదవి, పదిహేను మెడల్లోంచి వచ్చినవి అన్నాను. బేరం పోయిందనుకుని చెప్పాను. ఆయన ముందుకు వంగి అంతా విన్నారు. అంచుల మీది మచ్చలు భూతద్దంలో చూశారు. ముఖం వెలిగింది.

"రాజా వారూ, ఇది ఇంకా గొప్ప కథ," అన్నారు. "వరద నాణేలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఇలాంటివి లేవు. అప్పుడు చెప్పినదానికి రెట్టింపు ఇస్తాను. ఈ కథ యథాతథంగా, మీ ముత్తాత గారి పేరుతో సహా చీటీ మీద ఉండాలి."

నేను నాయుడు గారి వైపు చూశాను. ఈసారి ఆయన కాదంటారనీ, కసురుతారనీ, ఆ భారం ఆయన మీదికి పోతుందనీ ఆశపడ్డాను. ఆయన చీటీల కట్టా కలమూ తీసి నా ముందు పెట్టారు.

"ఇప్పుడు రాయండి. నిజమే గదా. నేను సంతకం పెడతాను," అన్నారు. "ధర మంచి ధర. లాడ్జి అయిపోద్ది."

ఆ కలం ముందు ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. రోడ్డు మీద ఒక పర్యాటకుల బస్సు ఖాళీ అయి, మళ్లీ నిండింది. నా లాడ్జి బోర్డు మీది అక్షరాలు కూడా నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చివరికి కలం మూత పెట్టి, పదిహేడు మాత్రమే అమ్ముతానన్నాను. వాటి చీటీ మీద కింది సగం ఖాళీగా వదిలాను. కథ లేకపోతే నాకెందుకని డాక్టరు గారు నొచ్చుకుని లేచారు. ఆ పదిహేడూ తర్వాత మామూలు ధరకు ఒక్కొక్కటిగా వేరేవాళ్లకు వెళ్లాయి. వాటితో ఇంటి పైకప్పు రేకులు మారాయి, అంతే.

దీన్ని నేను న్యాయం కోసం చేశానని ఎక్కడా చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పను. ఎవరో ఒకరి బీరువాలో, నా చేత్తో రాసిన చీటీ మీద, ఆ కథ కింద మా ఇంటిపేరు ఉండడం నేను ఓర్చుకోలేకపోయాను. ఆ మాటే ఆ సాయంత్రం నాయుడు గారికి చెప్పాను. నాది మంచితనం కాదండీ, పొగరు అన్నాను. ఆయన దుకాణం తలుపుల చెక్కలు వరసగా పెడుతూ, "దేనికయితేనేటి బాబూ. రాయి ఏ రాయయితేనేం, మోత సరిగ్గా ఉంటే సాలు," అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భం అదొక్కటే. అది మెప్పో కాదో కూడా నాకు రూఢిగా తెలియదు.

మిగిలిన పదిహేనింటినీ చింతపండుతో కడిగాం. మూడు తరాలు బొట్టు పెట్టిన మట్టి ఒక్క గిన్నెడు నీళ్లలో కరిగిపోయింది. వాటిని అలాగే తిరిగి ఇచ్చేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కొక్కెం లేని రూపాయి మెడకు పనికిరాదు, అమ్ముకోవడానికే పనికొస్తుంది, తీసుకున్నది ఎలా తీసుకున్నారో అలాగే ఇవ్వాలి అన్నారు. పదిహేను కొక్కేలు చేశారు. అతికించడం నా చేత చేయించారు. మొదటి మూడూ వంకరగా వస్తే ఊడదీయించి మళ్లీ చేయించారు. వెండికీ కూలికీ నా జీతంలో పట్టుకున్నారు. ఎందుకని అడిగితే, "ఊడదీసింది మీవోలు. అతికించడానికి నేను డబ్బులెట్టాలేటి?" అన్నారు.

దిగువూరికి ఆయన రాలేదు. ఒక్కణ్ణే వెళ్లాను. ఊరి పెద్ద వాకిట్లో చాప మీద రూపాయలు పెట్టి, ఇవి మీవి అన్నాను. నేను సిద్ధం చేసుకున్న మాటలు ఇంకా ఉన్నాయి. ఎవరూ వాటికోసం ఆగలేదు. ఏ రూపాయి ఎవరి ఇంటిదో తేల్చలేక ఆడవాళ్లు పోట్లాడుకున్నారు. ఒకామె పోయిన ముసలమ్మ పేరు చెప్పి రెండు లాక్కుంది. సోమెలమ్మ మూడు ఏరుకుని, వెలుతురుకు పట్టి, కొక్కేలు లాగి చూసింది. "అతుకు బాగా ఎయ్యనేదు బాబూ, ఇది ఒంకరుంది," అంది. తర్వాత, "ఇన్నాల్లు దాసి పెట్టినందుకు అద్దె అడగవు గదా?" అంది. వాకిలంతా నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వడం రాలేదు. ఎవరో ఒక పీట తెచ్చి నా వెనక పెట్టారు. కూర్చున్నాను. చోడి అంబలి ఇచ్చారు, తాగాను.

గౌరునాయుడు గారు పోయి పన్నెండేళ్లయింది. దుకాణం ఇప్పుడు ఆయన అల్లుడిది. నేను ఇంకా చీటీలు రాస్తున్నాను, అడ్డగీతతో సహా. కొత్తగా వచ్చేవాళ్లకు కింది సగమే కావాలి. తుఫాను నాణెం ఉందా, భూకంపం నాణెం ఉందా అని ఫోన్లలో అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ధర ఎక్కువా తక్కువా అని అడిగితే పైసగానికి మాత్రం సమాధానం చెబుతాను. కింది సగానికి ధర ఉండదని మాత్రం అనను. ఉంటుంది. సాధారణంగా దాన్ని అప్పటికే ఎవరో చెల్లించేసి ఉంటారు.

శుక్రవారాల్లో దిగువూరి ఆడవాళ్లు వరసగా మెట్ల ముందునుంచి సంతకు పోతుంటారు. మెడల్లో దండలు ఉంటాయి. పాతికేళ్లుగా రూపాయలు చూస్తున్నవాణ్ణి, ఒక్క చూపులో ఏడాది చెప్పగలను. ఆ పదిహేనింటిలో ఒక్కటైనా గుర్తుపడతానేమోనని చూస్తాను. అవి మిగతావాటిలో కలిసిపోయాయి, చెమటకు మెరుగెక్కాయి, ఏది ఏదో తెలియదు.

"ఏటలా సూత్తన్నావు బాబూ, కొంటావా?" అంటుంది సోమెలమ్మ. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి.

"లేదు," అంటాను. ఆమె ఆగకుండా వెళ్లిపోతుంది.